కోర్టు తుడిచే గుడ్డ

అక్కా,

నేను కులాసాగానే ఉన్నాను, దిగులు పడకు. ఉద్యోగం ఊడిన మాట నిజమే. బాస్కెట్‌బాల్ కోచ్‌కి ఊరు మారడం కొత్తేమీ కాదుగా.

ప్రాక్టీసు ఎగ్గొట్టిన పిల్ల మ్యాచ్ రోజున ఆడకూడదు, కోర్టు మీద పడ్డ చెమట తుడవాలి. ఏ ఊళ్లో పనిచేసినా నా పద్ధతి ఇదే. ఆలస్యంగా వెళ్లిన రోజు నేనూ తుడిచాను. మొన్న ఆ వంతు క్లబ్బు ప్రెసిడెంటుగారి మేనకోడలికి వచ్చింది. ఆయన అతిథులను వదిలేసి నా దగ్గరికొచ్చి, "పదిమందిలో నా పరువు తీస్తున్నారు మేడమ్. గుడ్డ పక్కన పెట్టించి పిల్లని ఆటలోకి దింపండి" అన్నాడు. "తొందరగా అవ్వాలంటే మీరూ ఓ చెయ్యి వేయండి" అన్నాను. మ్యాచ్ గెలిచాం. సాయంత్రానికి నన్ను పొమ్మన్నారు.

వచ్చేసే రోజు ఆ పిల్లే నా పెట్టె మోసుకుంటూ బస్సు దాకా వచ్చింది. బస్సు కదిలేముందు, "మామయ్య ఆ గుడ్డ పారేయమన్నాడు మేడమ్. నేను దాచాను" అంది.

ఇక్కడ వేరే క్లబ్బులో అప్పుడే చేరిపోయాను. పిల్లలు మంచి పొడగరులు. బావగారు కొట్లో కూర్చోమంటున్నారట, కూర్చునే పని నాకు చేతకాదని చెప్పు. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? పంపు మోటారు బాగు చేయించారా? చంటిదానికి నా ముద్దులు. ఇక్కడ చలి ఎక్కువ, నా ఉన్ని కోటు పంపించు. దాంతోపాటు పాత తువ్వాళ్లు రెండు పెట్టు. ఈ ప్రెసిడెంటుకీ మేనకోడళ్లు ఉండే ఉంటారు.

నీ చెల్లి