సూమీ పాలడబ్బా

12 మార్చి 1986, బుధవారం, మనామా

దొంగమొహంది అనుకున్నాను. ఈ అరబ్బుల ఇంట్లో నాతో పాటు పనిచేసే ఇండోనేషియా పిల్ల సూమీ, రోజూ ఎసట్లో పోసేముందు గుప్పెడు బియ్యం తీసి పాలడబ్బాలో దాస్తోంది. ఇవాళ నేనే మేడమ్‌తో చెప్పాను. "ఖలాస్, ఇక చాలు, దీన్ని పంపించేస్తా" అందావిడ.

తర్వాత వంటింట్లో డబ్బా ఎందుకని అడిగితే సూమీ వచ్చీరాని హిందీలో వాళ్ళ ఊరి గొప్పలు మొదలెట్టింది. బాండుంగ్ సిటీ అంచున బురదలో నాలుగిళ్ళు, అదీ ఒక ఊరేనట!

"మా ఊళ్ళో గుమ్మం గుమ్మానికీ డబ్బా ఉంటుందక్కా. రోజూ గుప్పెడు బియ్యం వేస్తాం. ఊరి కాపలావాళ్ళు పోగుచేసి లేనివాళ్ళకిస్తారు. ఇప్పుడు సిటీవాళ్ళొచ్చి మడులు పూడ్చి మేడలు కట్టారు. వాళ్ళ గేట్లకి డబ్బాల్లేవు."

"ఇక్కడ నీ బియ్యం ఎవరిక్కావాలే?" అని ఈసడించాను.

"నీకు జ్వరమొచ్చినప్పుడు మేడమ్ స్టోరుకి తాళమేసి ఊరెళ్ళింది కదక్కా. నువ్వు తాగిన గంజి ఆ డబ్బాలోదే."

రాజోలులో ఉన్నన్నాళ్ళూ చర్చికని పూటపూటా పిడికెడు బియ్యం తీసిపెట్టిన చెయ్యి నాది. అదే గుప్పెడు ఇక్కడ నాకు దొంగతనంలా కనిపించింది. ఛీ, నాదీ ఒక బతుకేనా! రేపు మేడమ్ కాళ్ళయినా పట్టుకోవాలి, వింటుందో లేదో...

శుక్రవారం ఇక్కడి తెలుగు క్రైస్తవ సహవాసంలో ప్రార్థన చేసే వంతు నాదే.