కుట్టుపెట్టెలోని సీసపు గుండు

స్పెయిన్, బుర్గోస్ దారిలో
1812 అక్టోబరు 9

అక్క హెస్టర్‌కు తమ్ముడు ఆంబ్రోస్ నమస్కరించి రాసేది. వానలూ జ్వరాలూ తప్ప ఇక్కడ కులాసాయే. అక్కడ నువ్వూ పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం నెల తిరిగాక అందింది. నువ్వు అల్లి పంపిన ఉన్ని మేజోళ్లు తొడుక్కునే ఇది రాస్తున్నాను. కెప్టెన్‌నయ్యానా అని అడిగావు. అయ్యాను. పదహారేళ్లు లెఫ్టినెంటుగానే పడి ఉన్నాను కదా! కాల్బలంలోనైతే పదవి కొనుక్కోవచ్చు. మా ఫిరంగి దళంలో పైవాడు పోతేనే కిందివాడికి మెట్టు. దీని మీద బావ నన్ను ఎంత ఏడిపించేవాడో! "నీకంటే గోతులు తవ్వేవాడు నయం బావమరిదీ. వాడికి ఎవరు పోయినా పనే. నీకు నీ పైవాడే పోవాలి" అనేవాడు. జూలైలో ఒక ఉదయం మా కెప్టెన్ పోయాడు. సిగ్గు విడిచి చెబుతున్నాను, నేను సంతోషించాను.

ఆరు ఫిరంగులూ నా చేతికొచ్చాయి. గుట్ట మీద ఫ్రెంచివాళ్లు, గుట్ట కింద బావ వాళ్ల కంపెనీ. మా దగ్గరొక బోలు గుండు ఉంది. దాని నిండా చిన్న సీసపు గుండ్లు ఉంటాయి. అది శత్రువు నెత్తిన గాలిలో పేలాలి. ఎంతసేపటికి పేలాలో చూసుకుని, దాని కొయ్య గొట్టపు వత్తిని రంపంతో కోసి పెడతాం. ఆ రోజు నేనే కోశాను.

"పొట్టిదైపోయింది దొరా, మనోళ్ల మీదే పేలుద్ది. ఇంకోటి కోద్దాం" అన్నాడు ముసలి సార్జెంటు గ్రిమ్‌షా.

"నీ కళ్లు మసకలేశాయి. నోర్మూసుకుని పెట్టు" అన్నాను. పెద్దరికం చేతికొచ్చాక నేనిచ్చిన మొదటి ఆజ్ఞ అది.

ఆ గుండు గుట్ట దాకా చేరలేదక్కా.

బావ బాధపడ్డాడా అని అడిగావు. గంటసేపు బాధపడ్డాడు. నేను పరుగెత్తుకెళ్లేసరికి ఇంకా స్పృహలోనే ఉన్నాడు. "ఎవరిదిరా ఆ గుండు?" అని అడిగాడు. "ఫ్రెంచివాళ్లది బావా" అన్నాను. నీకూ అదే రాశాను.

వైద్యుడు బావ ఛాతీలోంచి తీసిన సీసపు గుండు ఆయన సామానుతో పాటు నీకు చేరిందని, దాన్ని కుట్టుపెట్టెలో దాచానని రాశావు. పెద్దయ్యాక పిల్లలకు చూపించి, మీ నాన్నను చంపింది ఫ్రెంచివాళ్లని చెబుతానన్నావు. అది చదివాక నాకు అన్నం సయించడం లేదు. అలా గాలిలో పేలి సీసం కురిపించే గుండు ఫ్రెంచివాళ్ల దగ్గర లేదక్కా. మా దగ్గరే ఉంది.

శీతాకాలానికి ఇంటికి రమ్మన్నావు. ఇది చదివాక కూడా రమ్మంటే వస్తాను. రావద్దన్నా నిన్ను తప్పుపట్టను. పిల్లలకు ఆ గుండును చూపించిన రోజున మాత్రం నా పేరే చెప్పు.

ఇట్లు,
నువ్వు కాదనేదాకా నీ తమ్ముడు,
ఆంబ్రోస్