సంతకం తెరిచే తాళం

ప్రొద్దుటూరు, మంగళవారం రాత్రి

జమ్మలమడుగు క్వారీ దుమ్ము మీద పెట్టిన అర్జీ నా ప్రాణం తీస్తోంది. దాని మీదున్న కంప్యూటర్ సంతకం, దుమ్ము మీద కొట్లాడే మా గుంపులో ఒకరిదని రుజువవుతుంది, ఎవరిదో తెలియదు. పేరు దాచడానికి సంతకం లెక్కల్లో కావాలనే చిన్న తప్పులు కలుపుతాం. మా ఆవిడైతే బియ్యంలో రాళ్లు కలపడమనేది. రేపటి క్వాంటం కంప్యూటర్ కూడా వాటిని ఏరలేదు. వాటిని ఏరి పేరు బయటపెట్టే తాళాన్ని ముక్కలు చేసి ముగ్గురికి పంచాలని పుస్తకాలు మొత్తుకుంటాయి. మావాళ్లు వింటేగా? "పెద్దోనివి, నీ దగ్గరే పెట్టుకో మామా" అన్నారు, పంచాయితీలో పెద్దమనిషికి అప్పగించినట్టు.

ఇవాళ మా గుంపులోని క్వారీ కూలీ సుబ్బయ్య వచ్చాడు. క్వారీవాళ్లు అతన్నే అనుమానించి పని మాన్పించారు. అసలు పేరు తెస్తేనే మళ్లీ పనంట.

"సంతకం నాది కాదు మామా. తెరిచి చూపీ."

"తెరిస్తే ఇంకొకరి కొంప కూలుతాది గదప్పా?"

"నాది కూలింది కనపడలేదా? కంప్యూటర్ ముందర కూచోని శానా నీతులు చెప్తాండావే!"

అతను పోయాక, ఉండబట్టలేక తెరిచాను. సంతకం మా గుంపులోనే ఉన్న అతని పెళ్లాం ఓబులమ్మది.

పొద్దున్నే వస్తానన్నాడు. తెరవలేదంటే వాళ్లింట్లో పొయ్యి వెలగదు. తెరిచానంటే ఓబులమ్మ ఆ ఇంట్లో ఎట్లా ఉంటుంది? తాళమైతే ఇప్పుడే చెరిపేశాను. పేరు మాత్రం నాకు తెలిసిపోయిందే...