న్యూట్రల్‌లో పడ్డ లోడరు

భూధర యంత్రాల కంపెనీ సర్వీసు ఇంజినీరు గారికి రొంపిచెర్ల మండలం నుంచి నరసింహారావు నమస్కారం.

మీ దగ్గర కొన్న కొత్త లోడరు పూజ చేసిన మర్నాడే మొరాయించింది. ఇంజను గర్జిస్తుంది, ముందు మట్టి ఎత్తే బొక్కెన లేస్తుంది, గేరు వేస్తే మాత్రం చక్రం కదలదు. వచ్చే సోమవారం సాగర్ కాలవకు నీళ్ళు వదులుతారు. ఆలోపు మా పంట కాలవలో పూడిక తీయకపోతే చివరనున్న నా మిరపతోట ఎండిపోతుంది. మీ ఫోను నంబరుకు చేస్తే ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అన్నారు. అన్నీ నొక్కాక, ఫిర్యాదు కాగితం మీద రాసి పంపితేనే వారంటీ అన్నారు. నరసరావుపేటలో మీ ఆఫీసు నుంచి మా ఊరికి బస్సులో అరగంటే. మీరే వచ్చి చూస్తే ఈ కాగితం ఖర్చు తప్పేది. ఉత్తరం పాలవ్యానులో పంపుతున్నాను, జవాబు కూడా అందులోనే పంపండి.

ఇట్లు,
బండి ఉండీ నడిచి తిరుగుతున్న నరసింహారావు

తా.క.: రాబోయే సర్పంచి ఎన్నికల్లో నేను నిలబడుతున్నాను. నాతోపాటు బండి కూడా నిలబడితే ఎట్లా?

*

గౌరవనీయ వినియోగదారులు నరసింహారావు గారికి,

తమ యంత్రమందలి లోపము హైడ్రాలిక్ ట్రాన్స్‌మిషన్‌లో ఉన్నట్లు తోచుచున్నది. ఇంజను బలమును చక్రములకు చేర్చునది అందులోని ఆయిలే. నియమము ప్రకారము ప్రాథమిక పరీక్షలు తమరే జరిపి, ఫలితములు రాసి పంపిన పిమ్మటే ఇంజినీరు బయలుదేరును. మొదటి పరీక్ష: యంత్రమును చదునైన నేలపై నిలిపి, ఆయిల్ వేడిగా ఉన్నప్పుడు మట్టము చూడవలెను.

తమ సేవలో,
సుధీర్ బాబు, సర్వీసు ఇంజినీరు

తా.క.: మా సేవకు ఐదు నక్షత్రములు ఇవ్వగోరుచున్నాము.

*

ఐదు నక్షత్రాల సుధీర్ బాబు గారికి,

మీరు చెప్పినట్టే చేశాం. ఆయిలంతా కిందికి దించి, ఇంట్లో పెద్ద గుండిగలో పోసి, పొయ్యి మీద వేడి చేశాం. నా భార్య మల్లీశ్వరి వచ్చి "ఏందయ్యా ఇది, బండికి గారెలు వండుతున్నావా?" అని గరిటె విసిరింది. తిరిగి పోసి చూస్తే మట్టం సరిగ్గానే ఉంది.

ఇక చదునైన నేల. మా ఊళ్ళో అలాంటిది ఒక్కటే, బ్రహ్మయ్య బావ సిమెంటు కల్లం. ఆయన మల్లీశ్వరికి అన్న, నాకు ఎదుటి పార్టీ. గేరు పడని బండిని బొక్కెన నేలకు గుచ్చి గుచ్చి దేకించుకుంటూ అక్కడికి చేర్చేసరికి ఊరంతా వెంట వచ్చింది. "ఏంది బావా, నీ బండి మా కల్లానికొచ్చి సాష్టాంగపడ్డది?" అన్నాడు. నా పరువు, బండి ఇంకా ఆ కల్లంలోనే ఉన్నాయి.

ఇట్లు,
గుండిగ పోగొట్టుకున్న నరసింహారావు

తా.క.: నమ్మరేమోనని ఫొటో పంపుతున్నాను. లివరు పట్టుకుని చెయ్యి ఊపుతున్నది నేనే. ఎన్నికల ఫ్లెక్సీకీ అదే ఫొటో, చూసి తిప్పి పంపండి.

*

నరసింహారావు గారికి,

ఆయిల్‌ను పొయ్యిపై కాచవలెనని మేము రాయలేదు. ఇంజను నడిపిన అదే వేడెక్కును. తమ గుండిగ వారంటీలోకి రాదు.

ఫొటో చూడగా కారణము తెలిసినది. బొక్కెన లివరుపై చిన్న బటన్ కలదు. దానిని నొక్కినంతసేపు ట్రాన్స్‌మిషన్ న్యూట్రల్‌లో ఉండి, బలము చక్రములకు పోక బొక్కెనకే పోవును. తమరు ఆ లివరుకు పార్టీ కండువా బిగించి కట్టినారు. ముడి బటన్‌ను నొక్కుచున్నది. కండువా విప్పవలెను.

తమ సేవలో,
సుధీర్ బాబు

తా.క.: నక్షత్రములు ఇంకా అందలేదు.

*

ఎదుటి పార్టీ ఇంజినీరు సుధీర్ బాబుకు,

ఇప్పుడర్థమైంది. బండిని బ్రహ్మయ్య కల్లంలోకి తోలించింది మీరే, అక్కడ నిలబడి నా పార్టీ కండువా విప్పమనేదీ మీరే. బావ మీకు ఏమవుతాడు? ఆ కండువా మా జిల్లా నాయకుడు నా మెడలో వేసింది. పూజనాడు నా చేత్తో లివరుకు కట్టాను. మా తాత కాలం నుంచీ ఒకటే పార్టీ. పంచె అయినా విప్పుతాను గానీ కండువా విప్పను. ముడి బటన్ మీద పడితే బటన్ మార్చండి, వారంటీ ఉన్నది దేనికి?

ఇట్లు,
మాట మీద నిలబడే నరసింహారావు

తా.క.: నీళ్ళకు ఇంకా రెండు రోజులే ఉన్నాయి. ఎవరూ చూడకుండా విప్పితే పనిచేస్తుందా?

*

నరసింహారావు గారికి,

కంపెనీకి పార్టీ లేదు. బటన్‌కు కూడా లేదు. ఎవరు చూసినా, చూడకున్నా అది ఒకే విధముగా పనిచేయును. కండువాను అద్దమునకు కట్టుకొనవచ్చును, అభిమానము తగ్గదు.

తమ సేవలో,
సుధీర్ బాబు

తా.క.: మూడు నక్షత్రములైనా సరే.

*

సుధీర్ బాబు గారికి,

మీరు రాసిందే నిజం. కండువా విప్పగానే బండి కదిలింది. నేనే తోలాను. కల్లం గేటు దాటకముందే ఊళ్ళో టముకైంది, నరసింహారావు బావగారి కల్లంలో కండువా తీసేశాడని. మా జిల్లా నాయకుడు ఫోను చేసి "చెప్పకుండా పోతివేందయ్యా?" అని, సర్పంచి సీటు ఇంకొకరికి ఇచ్చేశాడు. బటన్ సంగతి చెబితే "పోయేటోళ్ళు చానామందిని చూశా. అందరూ ఏదో ఒక బటన్ మీదకే తోస్తారు" అన్నాడు.

తోట ముఖ్యమనుకుని కాలవ తవ్వుకుంటూ పోయాను. బ్రహ్మయ్య పొలం దాకా పూడిక పోయింది. ఆ తర్వాత నా తోటే మిగిలింది. అక్కడ బావ డప్పులతో ఎదురొచ్చి, వాళ్ళ కండువా ఒకటి నా మెడలో వేసి, ఇంకొకటి పట్టుకుని బండెక్కి ఆ లివరుకే కట్టబోయాడు. "అక్కడ కాదు బావా" అనబోయాను. "మా పార్టీ తరఫున సర్పంచి నువ్వేరా" అన్నాడు. రెండు చేతులూ జోడించి ముడి వేయనిచ్చాను. బండి అక్కడే ఆగింది.

సోమవారం నీళ్ళొచ్చాయి. బావ మిరప నిగనిగలాడుతోంది, నాది తలవేలాడేసింది. పుట్టింటి పొలం తడిసిందని నవ్వాలో, మొగుడి పొలం ఎండిందని ఏడవాలో తెలియక మల్లీశ్వరి రెండూ నా మీదే చేస్తోంది.

ఇట్లు,
కాబోయే సర్పంచి నరసింహారావు

తా.క.: విప్పమని మాత్రం రాయకండి. వారంలో రెండుసార్లు పార్టీ మారితే ఊళ్ళో తలెత్తుకోగలనా?