శిరీష ట్యూషన్

ఆదివారం రాత్రి, వడ్డేపల్లి

నాలుగో తరగతి శిరీష ఈమధ్య నా ట్యూషన్‌లో పాఠం వింటూనే నిద్రపోతోంది. తొమ్మిదేళ్ళ పిల్లకు గురుకులం ప్రవేశ పరీక్ష చదువు బరువైపోయిందనిపించి, మాన్పించమని చెప్పడానికి సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను.

"జర ఆడుకోనియ్యి రాములమ్మా," అన్నాను వాళ్ళమ్మతో.

"సీటొస్తెనే సదువు టీచరమ్మా. రాకుంటె దీని అక్క లెక్కనే పత్తి చేన్లకు తోల్కపోత," అంది ఆమె మామూలుగా.

శిరీష పరుగున వచ్చి నా కొంగు పట్టుకుంది. "ఇగ నిద్రపోను టీచర్. నన్ను మాన్పియ్యొద్దు."

రేపు రమ్మన్నాను. ఇంకేమనగలను?

వాళ్ళక్క కూడా నా దగ్గరే చదివింది. రెండు మార్కుల్లో సీటు పోయింది. ఆ తర్వాత ఆ పిల్ల ఏ బడికి పోతోందని నేను ఒక్కసారైనా అడగలేదు.