రెండు కార్డులకూ ఒకే నంబరు

చిత్తూరు, గురువారం

మా బావకు సిగ్గు లేదు. పెళ్లి వీడియోలు తీసేది ఆయన, ఎడిటింగ్ చేసేది నేను. పోయిన నెల నన్నొక మాటైనా అడగకుండా నా డెస్క్‌టాప్ అమ్మేసి ల్యాప్‌టాప్ తెచ్చాడు. "రెండిట్లోనూ గ్రాఫిక్స్ కార్డు నంబరు ఒకటే ఉండాది సూడు. ఇదైతే మండపంలోనే కూసోని పని సేసుకోవచ్చు" అన్నాడు. వీడియో ఎంత త్వరగా తయారవుతుందో ఆ కార్డును బట్టే ఉంటుంది.

బంగారుపాళ్యం పెళ్లిలో తాళి కట్టినప్పటి వీడియోను భోజనాల వేళకే తెర మీద వేస్తామని మాటిచ్చాడు. ఆఖరి బంతి లేచి ఆకులు ఎత్తేసినా అది తయారు కాలేదు. "నేనేం సేసేదప్పా, మా మరదలి సెయ్యి నిదానం" అని పెళ్లికొడుకు నాయనతో చెప్పాడు. నేనూ అది నిజమే అనుకుని, అందరి ముందు క్షమించండి అన్నాను. గుర్తొస్తే ఒళ్లు మండుతోంది.

ఈరోజు మా అన్న డెస్క్‌టాప్ తెప్పించాను. దాంట్లోనూ అదే నంబరు కార్డు. ఎడిట్ చేసిన ఒకే వీడియోను రెండిట్లో ఒకేసారి తయారవడానికి పెట్టాను. డెస్క్‌టాప్ పని ముగించేసరికి ల్యాప్‌టాప్ సగం కూడా దాటలేదు. నెట్‌లో వెతికితే తెలిసింది, నంబరొకటే గానీ ల్యాప్‌టాప్ కార్డుకు అందే కరెంటు తక్కువట. వేడెక్కితే వేగం ఇంకా తగ్గుతుందట.

బావ పక్కనే నిలబడి రెండు తెరలూ చూశాడు. అంతలో నగరి పెళ్లివాళ్లు ఫోన్ చేశారు. "టయానికి ఇస్తాంలే అప్పా. మా మరదలి సెయ్యే కొంచెం నిదానం" అన్నాడు. నా ముందే!

నగరి పెళ్లికి కెమెరా నేను పట్టుకుంటాను. ల్యాప్‌టాప్ ముందు ఆయన కూర్చోవాలి.