కీర్తనల పక్కన మూడు తేదీలు

హౌమా, లూసియానా

వెర్లీన్, ప్రభువు కృపవల్ల బతికే ఉన్నాను. ఎడమచేత్తో రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే నవ్వుకో.

మంగళవారం మా ఓడ ఇంజను గదిలో కారుతున్న డీజిలు వేడి గొట్టం మీద పడి మంట లేచింది. అందరం బయటపడ్డాం, నా కుడి అరచెయ్యి మాత్రం కాలింది. మొన్న కంపెనీ మనిషి ల్యూథర్ ఆసుపత్రికి గిన్నెడు రొయ్యల గంబో పులుసు పట్టుకొచ్చాడు.

"వేడివేడిగా తిను బ్రదర్, తిన్నాక ఇక్కడో సంతకం పెట్టెయ్."

కాగితం చదివాను. డీజిలు కారుతోందని నేనెవరికీ చెప్పలేదట, ఇకమీదట కంపెనీని ఏమీ అడగనట.

"బైబిల్లో ఏశావు ఆకలేసి చిక్కుడుకాయల వంటకానికి తన జ్యేష్ఠత్వపు హక్కు అమ్ముకున్నాడు. నేను రొయ్యలకైనా అమ్మను" అన్నాను.

"చెప్పావనడానికి రుజువేదీ?"

బైబిలు తెరిచాను. డీజిలు కారుతోందని కెప్టెన్‌కు చెప్పిన మూడుసార్లూ, ఆ రోజు చదివిన కీర్తన పక్కనే తేదీ వేసి, ఆ కారడం ఆపించమని ప్రభువుకు కూడా రాసుకున్నాను. ల్యూథర్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. గంబో నేను వదల్లేదు. నీ చేతి వంటంత కాదులే.

నయమయ్యేదాకా వైద్యం, పోషణ ఓడ యజమానే చూడాలనీ, తప్పు వాళ్లదైతే దావా కూడా వెయ్యొచ్చనీ నేను పిలిపించుకున్న లాయరమ్మ చెప్పింది. నా బైబిలు రుజువుగా ఆమె దగ్గరుంది, నీది పంపు. కళ్లజోడు కూడా. కోళ్లు గుడ్లు పెడుతున్నాయా? ఆదివారం నా బదులు వాక్యం ఎవరు చెప్పారు?

ఈస్టరుకు పిడికిలి బిగుస్తుందని డాక్టరు మాట. ఈలోగా మీ అన్నయ్యతో చెప్పి చర్చిలో నేను గుద్దే ప్రసంగం బల్లకు గట్టి మేకులు కొట్టించు. ప్రభువు రెక్కల నీడ మన ఇంటి మీద ఉండును గాక.

నీ ఒబేదు